వేరే పవర్ కేబుల్ వాడితే వారంటీ పోతుందా? "ఐ అగ్రీ" నొక్కితే హక్కులు పోతాయా?

కావలి ఊరి అన్న ఒకరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, కొత్తగా చదివేవాళ్ళకు విషయం తెలియాలి కదా. నెల్లూరులో ఒక షోరూమ్‌లో బిల్లు తీసుకుని కొత్త గేమ్ కన్సోల్ కొన్నారు, కొని ఎనిమిది నెలలైంది. ఇల్లు మారేటప్పుడు దాంతోపాటు వచ్చిన పవర్ కేబుల్ ఎక్కడో పోయింది. ట్రంకు రోడ్డులో ఒక షాపులో వేరే కేబుల్ కొని తగిలించారు. కొన్నాళ్ళు బాగానే నడిచింది, తర్వాత ఒకరోజు ఆన్ చేస్తే లైటు వెలిగి ఆరిపోయింది, ఇక లేవలేదు. ప్లగ్గు వేడెక్కి టీవీ స్టాండు మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉన్నచోట చెక్క కాలి మచ్చ కూడా పడింది. సర్వీస్ సెంటర్ వాళ్ళేమో "ఇది మా కేబుల్ కాదు, వారంటీ రాదు, మీరు ఒప్పుకున్న లైసెన్స్ షరతుల్లోనే రాసి ఉంది" అన్నారట. పెట్టెలో మాన్యువల్ లేదు, ఒక మడత కాగితం, దాని మీద క్యూఆర్ కోడ్, అంతే. ఆ "ఐ అగ్రీ" నొక్కింది పద్నాలుగేళ్ళ పిల్లాడు. షరతుల్లో ఏ గొడవైనా విదేశంలో మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని ఉంది. కాబట్టి ఇక చేసేదేమీ లేదా, అని అన్న ప్రశ్న.

ఉంది అన్నా. సర్వీస్ సెంటర్ వాళ్ళు కేబుల్, కన్సోల్, సాఫ్ట్‌వేర్ మూడింటినీ ఒకే మూటలో కట్టేసి మీకు చూపిస్తున్నారు. ఈ మూడూ వేరువేరు. దేనికి ఏ కాగితం వర్తిస్తుందో విడదీసి చూస్తే మీ కేసు మీరనుకున్నంత బలహీనంగా ఏమీ లేదు. నేను ఒంగోలులో ఎలక్ట్రానిక్స్ రిపేరు పనిలో ఉన్నాను, వినియోగదారుల కేసులకు టెక్నికల్ రిపోర్టులు రాసిస్తుంటాను కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్తాను.

అన్నిటికంటే ముందు ఒక పని. ఆ కాలిన కేబుల్ పారేయకండి. ఇంట్లోవాళ్ళు ఎవరైనా "ఇంకా ఎందుకు ఈ దరిద్రం" అని చెత్తలో వేసేలోపు దాన్ని ఒక కవర్లో పెట్టి పక్కన దాచండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా అంతే. కాలిన స్టాండుని పాలిష్ చేయించకండి.

ఇప్పుడు కేబుల్ సంగతి. మీరు పెట్టిన ఫోటోలో కన్సోల్ వైపు ఉన్న కొస ఎనిమిది అంకె ఆకారంలో ఉంది, మన షాపుల్లో టేప్‌రికార్డర్ వైరు అని అడిగితే ఇచ్చేది అదే. దీని అంతర్జాతీయ పేరు సీ7, 2.5 ఆంపియర్ల వరకు పనికొచ్చేలా చేసిన కనెక్టర్. ఇదే కొస ఉండే సోనీ కన్సోల్ పీఎస్5 మొదటి మోడల్ రేటింగ్ 350 వాట్లు, అంటే మన 230 వోల్టుల దగ్గర ఒకటిన్నర ఆంపియర్. కాబట్టి సరిగ్గా చేసిన ఏ సీ7 కేబుల్ అయినా ఈ పనికి సరిపోతుంది. దాని లోపల చిప్ లేదు, సర్క్యూట్ లేదు, ఉన్నవి రెండు రాగి తీగలు. గోడలో వచ్చే 230 వోల్టుల్ని అలాగే లోపలికి పంపిస్తుంది, తగ్గించడం పెంచడం దాని పని కాదు. ఆ కరెంటుని డీసీగా మార్చే పవర్ సప్లై కన్సోల్ పొట్టలోనే ఉంటుంది, అది కంపెనీ వాళ్ళు చేసిందే.

అలాగని ఏ కేబుల్ అయినా ఒకటే అని నేను అనడం లేదు. నాసిరకం కేబుల్‌లో రాగి బదులు రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది, అదీ వెంట్రుకల్లాంటి నాలుగు పోగులు. ప్లగ్గు పిన్నులు సాకెట్టులో వదులుగా కూర్చుంటాయి, వదులుగా ఉన్నచోట చిన్న చిన్న మెరుపులు వస్తాయి, అక్కడ వేడి పుడుతుంది, ప్లాస్టిక్ మెత్తబడి పిన్ను ఇంకా వదులవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. మీ స్టాండు కాలింది ఈ దారిలోనే అయి ఉండొచ్చు. కానీ ఒకటి గమనించండి, ఇలాంటి కేబుల్ చేసిన నష్టానికి గుర్తులు ఉంటాయి. కన్సోల్ వెనక కేబుల్ దూర్చే చోట రెండు పిన్నులు నల్లబడి ఉండాలి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కరిగి గాని గోధుమరంగుకి తిరిగి గాని ఉండాలి. టార్చి వేసి చూడండి. అక్కడ పిన్నులు తళతళలాడుతూ శుభ్రంగా ఉండి, లోపల పవర్ సప్లైలో కెపాసిటర్ (కరెంటుని కాసేపు పట్టి ఉంచే చిన్న డబ్బీ లాంటి భాగం) ఉబ్బి ఉంటే, లేదా అసలు పవర్ సప్లై బాగానే ఉండి మదర్‌బోర్డు పోయి ఉంటే, కేబుల్ మీద నేరం మోపడం కష్టం. ప్లగ్గు వైపు కాలడం, కన్సోల్ చావడం ఒకే రోజు జరిగినంత మాత్రాన ఒకదానివల్ల ఇంకొకటి జరిగినట్టు కాదు.

ఇక్కడే ఒక తేడా చెప్పాలి, చాలామంది దీన్ని కలిపేస్తారు. అడాప్టర్ బయట ఉండే కన్సోళ్ళు వేరే సంగతి. సోనీ పీఎస్2 స్లిమ్‌కి 8.5 వోల్టుల అడాప్టర్, మైక్రోసాఫ్ట్ పాత ఎక్స్‌బాక్స్ 360కి ఇటుక లాంటి అడాప్టర్, నింటెండో స్విచ్‌కి టైప్-సీ అడాప్టర్. వాటికి వోల్టేజి తేడా ఉన్న చవక అడాప్టర్ పెట్టి బోర్డు కాలిస్తే కంపెనీ చెప్పే మాటలో న్యాయం ఉంటుంది, నేనే వాళ్ళ తరఫున రిపోర్టు రాస్తాను. మీది అది కాదు, మీది ఉత్త వైరు.

కేబుల్ వల్ల ప్రమాదం వస్తే అది ఎప్పుడూ కొన్నవాడి తప్పే అనుకోవడానికీ లేదు. 2005 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ తన మొదటి ఎక్స్‌బాక్స్‌లకు ఏకంగా 1 కోటి 41 లక్షల పవర్ కేబుళ్ళు ఉచితంగా మార్చిస్తామని ప్రకటించింది. అప్పటికి వచ్చిన ఫిర్యాదులు 30, కొందరికి చేతులు కాలాయి, మిగతాచోట్ల కార్పెట్టు మాడడం, పొగ పట్టడం లాంటివి. వారంటీ ఉందా లేదా అని అడగలేదు, కొత్త కేబుల్ వచ్చేదాకా ఆడనప్పుడు కన్సోల్ ఆఫ్ చేసి ఉంచమన్నారు. అదే ఏడాది సోనీ కూడా పీఎస్2 స్లిమ్ అడాప్టర్లు 35 లక్షల దాకా వెనక్కి పిలిచింది, వేడెక్కుతున్నాయని. అవన్నీ కంపెనీ పెట్టెలోంచి వచ్చిన ఒరిజినల్ సరుకే. కాబట్టి "ఒరిజినల్ కాదు" అన్న ఒక్క ముక్కతో కారణం తేలిపోదు, పరీక్ష చేసి చెప్పాలి.

అమెరికాలో ఇదే వాదన మీద 2018 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వినియోగదారుల తరఫున వ్యాపారాల మీద కన్నేసి ఉంచే ప్రభుత్వ సంస్థ) ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. మా విడిభాగాలే వాడాలి, స్టిక్కర్ చింపితే వారంటీ రద్దు అని రాయడం అక్కడి 1975 నాటి వారంటీ చట్టానికి విరుద్ధం అని దాని సారం. ఆ ఆరింటిలో సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో మూడూ ఉన్నాయి. ఆ చట్టం మనకు వర్తించదు, మన దగ్గర అంత సూటిగా రాసిన సెక్షన్ కూడా లేదు. కానీ మన వినియోగదారుల కమిషన్ ముందు కూడా ప్రశ్న చివరికి అక్కడికే వస్తుంది: వైఫల్యానికి కారణం తయారీ లోపమా, బయటి వస్తువా, దానికి ఆధారం ఏది?

ఇక లైసెన్స్ షరతులు. మీకు వాళ్ళు చెప్పిన మాటలో అసలైన తిరకాసు ఇక్కడ ఉంది. వారంటీ అనేది ఆ డబ్బాకి, అంటే హార్డ్‌వేర్‌కి ఇచ్చిన హామీ. లైసెన్స్ అనేది లోపల నడిచే సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ని ఎలా వాడుకోవచ్చో చెప్పే ఒప్పందం: కాపీ చేయొద్దు, లాక్ పగలగొట్టొద్దు, అప్‌డేట్లు మేమిస్తాం, అకౌంటు దుర్వినియోగం చేస్తే ఆపేస్తాం, ఇట్లాంటివి. పవర్ సప్లై కాలిందా లేదా అన్నదానికి ఆ లైసెన్స్‌తో సంబంధం లేదు. ఏ కాగితంలో, ఏ క్లాజులో, ఏ మాటల్లో "వేరే కేబుల్ వాడితే వారంటీ రద్దు" అని ఉందో రాతపూర్వకంగా చూపించమని అడగండి. మామూలుగా వారంటీ కార్డులో ఉండేది "మేము ఆమోదించని పరికరాల వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు" అనే వాక్యం. ఆ వాక్యంలో ప్రాణమంతా "వల్ల" అన్న మాటలో ఉంది. వాడితే పోతుంది అనలేదు, దానివల్ల నష్టం కలిగితే అంది. ఆ "వల్ల"ని నిరూపించమని గట్టిగా అడగాల్సింది మీరే.

కొందరు కింద వ్యాఖ్యల్లో "ఎవడూ చదవకుండా నొక్కే షరతులు ఏ కోర్టులోనూ నిలవవు" అని ధైర్యం చెప్పారు. దయచేసి ఆ ధైర్యంతో వెళ్ళకండి. మన ఐటీ చట్టంలో 10ఏ అనే సెక్షన్ ఉంది, ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరిగిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లదనడానికి వీల్లేదని అది చెప్తుంది. చదవలేదు అన్నది వాదన కాదు, కాగితం మీద సంతకం పెట్టినా అంతే. అమెరికాలో కూడా పెట్టె లోపలో, వెబ్ పేజీలోనో పెట్టిన షరతుల మీద కోర్టులు తలోదారి పట్టాయి: 1991లో స్టెప్-సేవర్ కేసులో ఆ షరతులు చెల్లవన్నారు, 1996లో ప్రోసీడీ కేసులో చదివి నచ్చకపోతే తిరిగిచ్చే వీలుంది కాబట్టి చెల్లుతాయన్నారు, 2002లో నెట్‌స్కేప్ కేసులో కిందికి జరిపితేగానీ కనబడని చోట పెట్టిన షరతులకు వినియోగదారుడు ఒప్పుకున్నట్టు కాదన్నారు. మొత్తం మీద చూస్తున్నది, షరతు ముందుగా కంటికి కనబడిందా, కాదనుకునే అవకాశం నిజంగా ఇచ్చారా అని.

కాబట్టి ఒప్పందం ఉంది అనుకునే ముందుకు పోదాం. ఉన్నా సరే, దానిలో రాసిన ప్రతిదీ మన చట్టాన్ని దాటి నిలవదు. విదేశంలో మధ్యవర్తిత్వం అన్న షరతు చూసి టెన్షన్ పడ్డారు కదా, దానికి జవాబు సుప్రీంకోర్టు 2018 డిసెంబరులోనే ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో ఇచ్చింది. అది ఇల్లు కొన్నవాళ్ళ కేసు, కానీ సూత్రం అందరికీ ఒకటే: ఒప్పందంలో మధ్యవర్తి క్లాజు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 100వ సెక్షన్ కూడా ఈ చట్టం మిగతా చట్టాలకు అదనం అని చెప్తుంది. ఇంకా ముఖ్యం 34వ సెక్షన్. పాత చట్టంలో కంపెనీ ఉన్నచోటో కొన్నచోటో వెళ్ళాల్సి వచ్చేది, ఇప్పుడు మీరు నివసించే చోటే ఫిర్యాదు చేయొచ్చు. మీది కావలి, నెల్లూరు జిల్లా కమిషన్ చాలు. కాలిఫోర్నియా దాకా పోవాల్సిన పని లేదు.

"సాఫ్ట్‌వేర్ మీకు అమ్మలేదు, లైసెన్స్ మాత్రమే ఇచ్చాం, కాబట్టి మీరు కొనుగోలుదారు కారు" అని ఎవరైనా అంటే కూడా బెదరకండి. 2004లో టాటా కన్సల్టెన్సీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు డిస్కులో పెట్టి అమ్మే ప్యాకేజీ సాఫ్ట్‌వేర్ సరుకే అని తేల్చింది. అది అమ్మకం పన్ను గొడవ, నిజమే, అయినా సరుకు అన్న మాట సుప్రీంకోర్టు నోటి నుంచి వచ్చింది. మీ విషయంలో అయితే అంతదూరం పోనక్కర్లేదు, చెడిపోయింది డబ్బా.

పిల్లాడు నొక్కాడన్న పాయింటు. పద్దెనిమిది నిండని వాళ్ళ ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లోనే మోహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకు చివరి అప్పీలు కోర్టు) చెప్పింది, అది నేటికీ మన చట్టం. కానీ అన్నా, నేనైతే దీన్ని ఈ కేసులో ముందుకు తీసుకురాను. కన్సోల్ కొన్నది మీరు, వారంటీ మీ పేరు మీద ఉంది, దానికి పిల్లాడి వేలితో పని లేదు. పైగా ఆ ఒప్పందమే లేదంటే అకౌంటు, అందులో కొన్న గేములు కూడా ఒప్పందం లేనివే అవుతాయి, ఆ గొడవ మీకెందుకు? పిల్లలు అడగకుండా గేములో వేలకు వేలు ఖర్చుపెట్టిన కేసుల్లో ఈ పాయింటు పదునుగా పనిచేస్తుంది, అక్కడ వాడుకోవాలి.

మాన్యువల్ విషయానికి వస్తే, నాకు దీని మీద కోపం ఉంది, దాచుకోను. ఒకప్పుడు ప్రతి పెట్టెలో పుస్తకం ఉండేది. గేములకైతే 2010లో యూబీసాఫ్ట్ అనే గేముల కంపెనీ కాగితం మాన్యువళ్ళు మానేస్తున్నామని, పర్యావరణం కోసమని ప్రకటించింది, తర్వాత మిగతావాళ్ళూ అదే బాట పట్టారు. గేమ్ ఎలా ఆడాలో తెరమీద చూపిస్తే సరిపోతుంది, దానికి పేచీ లేదు. కానీ కరెంటు వస్తువుకి భద్రత సూచన ఆ వస్తువుని ఆన్ చేయకముందే చేతిలో ఉండాలి. ఫోన్ తీసి, కోడ్ స్కాన్ చేసి, భాష ఎంచుకుని, నలభయ్యో పేజీకి వెళ్తేగానీ "ఇచ్చిన కేబుల్ మాత్రమే వాడండి" అన్న హెచ్చరిక కనబడకపోతే, అది మీకు చెప్పినట్టేనా? మా చీమకుర్తి వైపు ఊళ్ళలో సిగ్నల్ కోసం మిద్దెక్కాల్సిన ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

చట్టం కాగితమే ఇవ్వాలని అనలేదు. కానీ వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్‌లో, సరైన వాడకానికి తగిన సూచనలు, తప్పుగా వాడితే వచ్చే ప్రమాదం గురించి హెచ్చరిక ఇవ్వకపోతే తయారీదారుకి ప్రొడక్ట్ లయబిలిటీ, అంటే వస్తువు వల్ల కలిగిన హానికి పరిహారం ఇచ్చే బాధ్యత, ఉంటుందని ఉంది. ఇక్కడ చాలామంది లాయర్లు కూడా తడబడే ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా చదవండి. ఆ లయబిలిటీ కింద "హాని" అంటే మనిషికి గాని, ఇతర ఆస్తికి గాని కలిగిన నష్టం, ఆ వస్తువుకే కలిగిన నష్టం అందులోకి రాదు. అంటే మీ కాలిన టీవీ స్టాండు ఆ దారిలో వెళ్తుంది, చచ్చిపోయిన కన్సోల్ వెళ్ళదు. కన్సోల్‌కి అడగాల్సింది వస్తువులో లోపం, సేవలో లోపం అని. ఒకే ఫిర్యాదులో రెండూ రాయొచ్చు, కానీ విడివిడిగా రాయండి, కలిపి రాస్తే అవతలి లాయరు ఆ కలిపిన చోటే పట్టుకుంటాడు.

ట్రంకు రోడ్డు షాపు సంగతి మీరు అసలు ఎత్తలేదు, నాకు అదే ఆశ్చర్యం. ఆ కేబుల్ మీద ఐఎస్ఐ గుర్తు ఉందా? వైరు పొడవునా ఐఎస్ 694 (వైర్లకు మన దేశ ప్రమాణం నంబరు), 0.75 చదరపు మిల్లీమీటర్ (లోపలి రాగి మందం) అని అచ్చు ఉందా? ప్లగ్గు మీద 250 వోల్టులు అని పోత పోసిన అక్షరాలు ఉన్నాయా? ఏమీ లేకపోతే ఆ షాపుని రెండో ప్రతివాదిగా చేర్చండి. కంపెనీ ఏమో కేబుల్ వల్ల అంటుంది, షాపువాడు కన్సోల్ వల్ల అంటాడు, ఇద్దరూ కమిషన్ ముందే ఒకరికొకరు జవాబు చెప్పుకోవాలి. ఒక్క కంపెనీనే పిలిస్తే రేపు "అవును, కేబుల్ వల్లే" అని తేలినా షాపు అక్కడ ఉండదు, మీకు ఏమీ రాదు. బిల్లు ఇవ్వలేదా? ఫోన్‌పేలో కట్టారేమో చూడండి, తేదీ, షాపు పేరు, మొత్తం అన్నీ అందులో ఉంటాయి. బిల్లు ఇవ్వకపోవడమే ఈ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి.

కన్సోల్‌ని పరీక్షకు పంపమని అదే చట్టం 38వ సెక్షన్ కింద కమిషన్‌ని కోరే హక్కు మీకుంది, సీలు వేసి ల్యాబ్‌కి పంపుతారు. అందుకే ఈలోగా తెలిసినవాడితో, నాతో సహా, దాన్ని విప్పించకండి. ఐదు లక్షల లోపు వస్తువుకి జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్ళు గడువు. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, చాలాసార్లు కంపెనీ వాళ్ళు ఆ దశలోనే దిగివస్తారు.

లైసెన్స్ నిజంగా కరిచే చోటు ఒకటుంది, సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళ కోసం చెప్తున్నా. 2025 మేలో నింటెండో తన షరతులు మార్చి, నిబంధనలు మీరితే పరికరాన్నే శాశ్వతంగా పనికిరాకుండా చేయొచ్చని రాసుకుంది. తర్వాత స్విచ్ 2 సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కొందరికి, పాత ఓనరు చేసిన పనికి ఆన్‌లైన్ నిషేధం పడిన కన్సోళ్ళు అంటగట్టబడ్డాయి. నిషేధం మనిషితో పోదు, ఆ డబ్బాతోనే వస్తుంది. కాబట్టి ఎక్కడ కొన్నా డబ్బులిచ్చే ముందు మీ అకౌంటుతో లాగిన్ అయ్యి, ఆన్‌లైన్ స్టోరు తెరిచి చూడండి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన కన్సోల్ అయితే దాని కేబుల్ 125 వోల్టులకు చేసింది అయి ఉండొచ్చు, పిన్ను మార్చే ముక్క తగిలించి వాడకండి, 250 వోల్టుల కేబుల్ కొత్తది కొనండి.

మీరు రేపే చేయాల్సింది ఒకటే. సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి జాబ్ షీటు (రిపేరు వివరాలు రాసే కాగితం) అడగండి. అందులో "కస్టమర్ ఇండ్యూస్డ్ డ్యామేజ్", అంటే వాడినవాళ్ళ వల్లే చెడిపోయింది, అని రాసి సంతకం పెట్టమంటారు. పెట్టకండి. పెట్టక తప్పకపోతే దాని కిందే "కారణంతో ఏకీభవించను, ఏ పరీక్ష చేశారో రాతపూర్వకంగా ఇవ్వగలరు" అని మీ చేత్తో రాసి, ఫోటో తీసుకుని, అప్పుడు పెట్టండి. కన్సోల్ సీరియల్ నంబరు, వెనక పిన్నుల దగ్గర ఫోటో రెండూ అక్కడే, వాళ్ళ కౌంటరు మీదే తీయండి. జాబ్ షీటులో ఏం రాశారో సీరియల్ నంబరు చెరిపేసి ఇక్కడ పెడితే, ఫిర్యాదులో ఏ వాక్యం ఎలా రాయాలో చూసి చెప్తాను.